సర్ డేవిడ్ సాలమన్సు – బ్రెగే గడియారములు

పాత గడియారములను సేకరించువారు దేశదేశములందు పెక్కుమంది కలరు. వారిలో ధనము పెట్టి కొనువారు వేరు, యంత్రము నెరిగి కొనువారు వేరు. ఈ రెండవ తెగలో ఇంగ్లండు దేశీయుడైన సర్ డేవిడ్ లయొనెల్ సాలమన్సు అగ్రగణ్యుడు.

ఈయన 1851లో జన్మించెను. బాల్యముననే తల్లిదండ్రులు గతింపగా పినతండ్రి పెంచెను. ఆ పినతండ్రి 1855లో లండను మేయరు పదవి నధిష్ఠించిన తొలి యూదుడు. 1873లో ఆయన అనంతరము బిరుదమును, టన్‌బ్రిడ్జి వెల్సు చెంతనున్న బ్రూమ్‌హిల్ భవనమును సాలమన్సునకు సంక్రమించినవి. ఐశ్వర్యము వెంట వచ్చు సోమరితనము మాత్రము ఆయన నంటలేదు. ఇంటిలోనే కర్మశాలలు నెలకొల్పి స్వహస్తములతో పని చేసెను, విద్యుద్దీపములు వెలిగించెను. మోటారుబండి గంటకు నాలుగు మైళ్లు మించి పోరాదని చట్టము శాసించుచున్న దినములలో, 1895 అక్టోబరు 15వ తేదీన టన్‌బ్రిడ్జి వెల్సులో మోటారు ప్రదర్శనము జరిపించెను. మరుసటి యేట ఆ చట్టము సడలుటకు పాటుపడినవారిలో ఆయన యొకడు.

ఇట్టి యంత్రజ్ఞుని మనసు పారిసులో పని చేసిన అబ్రహాం లూయీ బ్రెగే అను ఒక్క శిల్పి చేతిపనిపై నిలిచెను. మన హైదరాబాదులో మూడవ సాలార్‌జంగు కంటి కింపైన ప్రతి వస్తువును ప్రోగుచేసెను గదా! సాలమన్సు దారి వేరు. ఆ ఒక్కని గడియారములనే నూటికి పైగా కూర్చెను.

1915 అక్టోబరులో, యుద్ధకాలమున, గల్లిపోలి తీరము చెంత ఓడ మునిగి ఆయన ఏకైక పుత్రుడు మరణించెను. బిరుదము నిలుపు వారసుడు లేకపోయెను. రెండేండ్లకు, 1917లో, లండనులోని ఒక అంగడిలో ఫ్రాన్సు రాణి మేరీ ఆంత్వానెత్ పేరిటి గడియారము కంటబడెను. ఆ రాణి కొరకు 1783లో బ్రెగేకు ఒప్పజెప్పబడిన పని యది. 1793లో రాణి శిరస్సు తెగినను, 1823లో బ్రెగేయే గతించినను పని మానక 1827లో ముగించిరి. ధరించినవారి కదలికచేతనే దానికి కీ ఎక్కును. మీట నొక్కిన గంటలను, నిమిషములను నాదముతో వినిపించును. లీపు సంవత్సరము నెరిగి తేదీ చూపును. ఉష్ణోగ్రతను సైతము తెలుపును. కోరినపుడు ఆపి నడపదగిన సెకండ్ల ముల్లు వేరుగా గలదు. నేటి సేకర్తలు వేలములందు పోటీపడి కొను క్రోనోగ్రాఫు చేతిగడియారములకు ఇది తాతవంటిది. 823 భాగములు అరచేతిలో నిముడుట వింత కాదా!

సాలమన్సు దానిని కొనెను. కొని పెట్టెలో దాచి ఊరకుండలేదు. 1921లో బ్రెగేను గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆయన విడిచిపోయిన ఆస్తిలో అదియే మిన్న యని నా యభిప్రాయము. 1925లో ఆయన మరణించెను.

కుమార్తె వేరా తన గురువైన ప్రొఫెసరు మేయరు స్మారకముగా జెరూసలేమున ఇస్లాము కళల మ్యూజియమునకు పూనుకొనెను. అది 1974లో తెరువబడెను. తండ్రి గడియారములును అచ్చటికే చేరెను. 1983 ఏప్రిలులో దొంగ యొకడు 106 వస్తువులను అపహరించెను. అంత పేరుపడిన వానిని బహిరంగముగ అమ్ముటెట్లు? ఇరువదిమూడేండ్లు కానరాకుండెను. దొంగ మరణించిన పిమ్మట 2006లో రాణి గడియారము మ్యూజియమునకు మరలివచ్చెను. 2008 నాటికి 96 దొరికినవి.