పరదేశమున రక్తబంధువు

స్వదేశమునకై అసువులర్పించినవారిని మనము కొలుతుము. పరదేశమునకై అర్పించినవారిని మరచుట తగదని మా మనవి.

1936లో స్పెయిను ప్రజాప్రభుత్వముపై సేనానులు తిరుగబడగా, నానాదేశములనుండి వేలకొలది స్వచ్ఛందసేవకులు ప్రభుత్వపక్షమున నిలిచిరి. 1890లో కెనడాలో జన్మించిన శస్త్రవైద్యుడు నార్మన్ బెత్యూన్ వారిలో ఒకడు. మాడ్రిడ్ పౌరులు దానమిచ్చిన రక్తమును చల్లగా భద్రపరచి, మోటారుబండ్లపై రణభూమికి చేర్చి, క్షతగాత్రులను బ్రతికించెను.

1939లో ఆ ప్రభుత్వము కూలెను. బెత్యూన్ వ్రతము కూలలేదు. 1938లోనే చైనాకేగి, జపాను నెదిరించు సైనికులకు శస్త్రచికిత్స చేయుచుండగా వ్రేలు తెగి, రక్తము విషపూరితమై, 1939 నవంబరు 12న మరణించెను.

ఆయన పేరిటి ఆసుపత్రికి 1941లో అధిపతియైన ద్వారకానాథ్ కోట్నిస్, మన పద్మశాలీలు స్థిరపడిన షోలాపురమున పుట్టినవాడు. కాంగ్రెసు పంపగా చైనాకేగిన అతడును 1942లో అచ్చటనే కన్నుమూసెను. వీరికి ఆ జాతితో పుట్టుకబంధము లేదు. ఆపన్నుని గాయమే బంధుత్వమయ్యెను.