జాన్సను పఠనవ్రతము

శామ్యూల్ జాన్సను ఆంగ్ల వాఙ్మయమున మిక్కిలి పేరుగన్న పండితుడు. మహానిఘంటువు నొకదానిని కూర్చి తన మాతృభాషకు ఎనలేని సేవ చేసిన మేధావి. అంతటివాడు ఒక చిన్న నియమమును పాటింపలేక ఏటేట ఓడిపోయెననిన వినువారికి వింతగా తోచును. ఒక్క గ్రంథమును ఏడాదిలో ఆద్యంతము చదువవలెనన్నదే ఆ నియమము. దానిని నెరవేర్చుటకు అతడు పడిన పాట్లు మనమందరము తెలిసికొనదగినవి.

జాన్సను 1709వ సంవత్సరమున ఇంగ్లండు దేశమందలి లిచ్‌ఫీల్డు పట్టణమున జన్మించెను. తండ్రి మైకేల్ జాన్సను పుస్తకముల వర్తకుడు. పసితనముననే గండమాల యను వ్యాధి సోకి బాలుని ముఖమున మచ్చలు మిగిల్చెను. ఒక కంటి చూపు దాదాపుగా పోయెను. మిగిలిన కంటితోనే అతడు తండ్రి అంగడిలోని గ్రంథములను ఇష్టము వచ్చినట్లు చదువుచుండెడివాడు. ఒకనాడు తమ్ముడు పై అరలోని పెద్ద పుస్తకము వెనుక ఆపిలుపండ్లు దాచెనని తలచి, వానికొరకు పైకెక్కెను. పండ్లు దొరకలేదు. దొరకిన పుస్తకము ఇటలీ కవియగు పెట్రార్కు రచన. బాలుడు పండ్ల మాట మఱచి, అక్కడనే కూర్చుండి, అందు చాలభాగము చదివివేసెను.

ఆదివారములందు మాత్రము తల్లి అతనిని ఇంట కూర్చుండబెట్టి యొక మతగ్రంథమును చదివించుచుండెను. దానియందు అతనికి రుచి పుట్టలేదు. తనకు నచ్చినది చేతికందినపుడు లోకమును మఱచుట, చదివితీరవలెనన్నపుడు మనసు తొలగిపోవుట—ఈ స్వభావము జాన్సనును తుదివఱకు విడువలేదు.

1728లో అతడు ఆక్స్‌ఫర్డునందలి పెంబ్రోక్ కళాశాలలో చేరెను. కాని పేదఱికముచే ఏడాది దాటిన కొలదికాలమునకే చదువు మానుకొనవలసి వచ్చెను. తరువాత ఒక పాఠశాలను స్థాపించెను. విద్యార్థులు పట్టుమని పదిమందియైన చేరలేదు. 1737లో జీవనోపాధిని వెదకికొనుచు లండను చేరి, పత్రికలకు వ్రాయుచు పొట్టపోసికొనెను.

1746లో పుస్తక విక్రేతలతో ఒడంబడిక చేసికొని నిఘంటు రచనకు పూనుకొనెను. మూడేండ్లలో ముగింపగలనని అతడు తలచెను. తాను చదివిన గ్రంథములలో పనికివచ్చు వాక్యములకు గుర్తులు పెట్టుచుండగా, ఆరుగురు లేఖకులు వానిని ఎత్తి వ్రాయుచుండిరి. ఈ పని నడుచుచుండగనే 1750 మొదలుకొని రెండేండ్లపాటు వారమునకు రెండు పర్యాయములు వెలువడు పత్రిక నొకదానిని నడపెను. అచ్చుకూటపు కుర్రవాడు వచ్చి వేచియుండగా తొందరతొందరగా వ్యాసము ముగించిన దినములును కలవు. 1752లో భార్య మరణించి అతనిని దుఃఖమున ముంచెను. ఐనను పని ఆగలేదు. 1755లో 42,000 పదములకు పైగా గల నిఘంటువు వెలువడెను.

ఇంతటి కార్యమును సాధించినవాడు సొంత నియమమును ఏల సాధింపలేకపోయెను? నిఘంటువునకై పుస్తక విక్రేతలు ఎదురుచూచుచుండిరి. వ్యాసమునకై కుర్రవాడు వాకిట నిలిచియుండెను. తనకు తాను చేసికొన్న ప్రతిజ్ఞకు అట్టి సాక్షులెవ్వరును లేరు. దానిని తప్పినచో అడుగువారును లేరు.

1762లో ప్రభుత్వమువారు అతనికి ఏటేట 300 పౌనుల భృతి నేర్పఱచిరి. కూటికై వ్రాయవలసిన అగత్యము తీరెను. అగత్యము తీరగానే సోమరితనమునకు అడ్డు లేకపోయెను. రాత్రులు చాల ప్రొద్దుపోవువఱకు మిత్రులతో సంభాషించుట, ఉదయమున ఆలస్యముగా లేచుట అతనికి అలవాటయ్యెను. జాన్సను దైవభక్తి కలవాడు. వ్యర్థముచేసిన ప్రతిదినమునకును భగవంతునికి లెక్క చెప్పవలసియుండునని అతని నమ్మకము. కావున ఆ సోమరితనము అతని మనసును ముల్లువలె పొడుచుచుండెను. సంవత్సరాదినాడు, తన జన్మదినమున, ఈస్టరు పండుగనాడు అతడు నియమములు వ్రాసికొనెడివాడు. పెందలకడ లేవవలెను, మతగ్రంథములు చదువవలెను, దినచర్య వ్రాయవలెను అనునవే మాటిమాటికి వచ్చుచుండెను. 1764లో తన పుట్టినరోజున వెనుకకు తిరిగి చూచుకొని, చిన్ననాటినుండి సంకల్పములు చేయుటయేగాని సాధించినది లేదని తన పుస్తకములో వ్రాసికొని వగచెను.

1770లో అతడు బైబిలు పఠనమునకు ఒక లెక్క వేసికొనెను. వారమునకు పాత నిబంధనలో 600 వచనములు, క్రొత్త నిబంధనలో 200 వచనములు చదువవలెను. పాత నిబంధనలో ఇంచుమించు 23,000, క్రొత్త నిబంధనలో ఇంచుమించు 8,000 వచనములు కలవు. ఈ లెక్క ప్రకారము నలువది వారములలో గ్రంథమంతయు ముగియును. ఏడాదిలో ఇంకను పండ్రెండు వారములు మిగులును. లెక్కలో లోపము లేదు. లోపమంతయు నడకలోనే యుండెను.

1771 ఈస్టరునాడు, ఏడాదిలో బైబిలంతయు చదివెదనని జాన్సను తిరిగి సంకల్పించెను. అందు చాలభాగము అతడు అంతవఱకు చూచియే యుండలేదు. క్రొత్త నిబంధనను గ్రీకు భాషలో చదువసాగెను. తక్కిన భాగము చదువవలెనన్న మాటయే మఱచిపోయెను. నెలలు గడచెను. అనుకొనకుండ ఒకనాడు వెనుకటి ఈస్టరున వ్రాసికొన్న కాగితము అతని చేతికి వచ్చెను. అప్పటికి ఏడాది చాలవఱకు గతించినది. ఇతరులైనచో సిగ్గుపడి ఆ కాగితమును చించివేసి, రాబోవు సంవత్సరమున చూచుకొందమని యూరకుందురు. జాన్సను అట్లు చేయలేదు. 1772లో ఈస్టరునకు ముందు వచ్చు ఉపవాస దినములలో మొదటిదినముననే పఠనము నారంభించెను. కొన్నాళ్లు క్రమముగా సాగెను. మరల ఆగెను. మరల అందుకొనెను. తుదకు ఏప్రిల్ 18వ తేదీన, ఈస్టరునకు ముందుదినమున, గ్రీకు గ్రంథములోని చివరి పుటలు ముగించెను. అరువది మూడవయేట తన మతగ్రంథములో నేమున్నదో తెలిసికొనగలిగితినని సంతోషించెను. ఆ చదువు తొందరపాటుగను, తికమకగను, అసంపూర్ణముగను సాగినదని కూడ దాపఱికము లేక వ్రాసికొనెను.

ఆ మీదట అతని అలవాట్లన్నియు మాఱిపోయెనని తలపరాదు. 1773లో డచ్చి భాష నేర్వబూనగా, జ్వరము వచ్చి, చూపుగల కన్నే వాచి, ఆ ప్రయత్నమునకు అంతరాయము కలిగించెను. ఐనను వార్ధక్యమున, తన బుద్ధి మందగించెనేమో పరీక్షించుకొనుటకై, ఆ డచ్చి భాషనే చేపట్టి అందొక గ్రంథమును సగమువఱకు చదివి, నేర్చుకొను శక్తి తగ్గలేదని తృప్తిపడెను.

జాన్సను 1784 డిసెంబరు 13వ తేదీన మరణించెను. అతనిని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధిచేసిరి. చనిపోవుటకు ముందు అతడు తన కాగితములను పెక్కింటిని తగులబెట్టెను. కాని ప్రార్థనలును, నియమములును గల వ్రాతలను ఒక మిత్రునికి అప్పగించెను. అవి 1785లో అచ్చయ్యెను. అతని ఓటములు మనకు తెలియుట ఆ వ్రాతలవలననే.

పడ్డవాడు చెడ్డవాడు కాడని మన పెద్దలందురు. నియమము తప్పినవారు లోకమున కోట్లకొలది కలరు. తప్పిన చోటునుండియే తిరిగి నడచువారు అరుదు. ఏడాది ముగియవచ్చినదని పుస్తకమును మూసివేయక, మిగిలిన దినములలోనైన దానిని తెఱచుటచేతనే జాన్సను తన వ్రతమును చెల్లించుకొనగలిగెను.