కొండ మీది కొత్త ఊరిలో మేరీ క్లార్కు దొరసానిగారు

1878 అనగానే మన తెలుగు బాప్తిస్టు కుటుంబాలలోని పెద్దలకు గుండ్లకమ్మ జ్ఞాపకం వస్తుంది. ఆ సంవత్సరం జూలై 3న వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. అదే సంవత్సరం, క్లౌ దొరగారిని ఒంగోలుకు పంపిన అదే అమెరికన్ బాప్తిస్టు మిషను తరఫున ఒక స్త్రీ, దేశానికి ఈశాన్యపు కొసన నాగా కొండలలోని ఒక చిన్న ఊరు చేరి ఆడపిల్లలకు బడి పెట్టారు. అక్కడ వేల సంఖ్య లేదు, వందలు కూడా లేవు. ఆ ఊరు పుట్టి అప్పటికి రెండు సంవత్సరాలు మాత్రమే. ఆమె పేరు మేరీ మీడ్ క్లార్కు.

ఆమె 1832లో న్యూయార్కు రాష్ట్రంలో జన్మించారు. భర్త ఎడ్వర్డు వింటర్ క్లార్కు పాస్టరుగా పనిచేసి, తరువాత మిషను అచ్చు కూటము బాధ్యతకు ఒప్పుకొని అస్సాముకు బయలుదేరారు. దంపతులు 1869లో శిబ్‌సాగరు చేరారు. అక్కడ మన మిషనుకు పాత పునాది ఉంది. శామ్యూల్ డే దొరగారు హిందూదేశంలో దిగిన 1836లోనే అస్సాములో సదియా వద్ద కూడా మిషనరీలు పని ఆరంభించారు. 1846 నుండి శిబ్‌సాగరు ముద్రణాలయము అరుణోదయ్ అనే అస్సామీ మాసపత్రికను వెలువరిస్తూ ఉండేది.

శిబ్‌సాగరులో నిలబడి చూస్తే నాగా కొండలు కనబడతాయి. కనబడటమే గాని అక్కడికి పోవడం వేరు సంగతి. అంతకు ముప్పై సంవత్సరాల క్రితం బ్రాన్సన్ దొరగారు నామ్‌సాంగు నాగాల మధ్య పని మొదలుపెట్టి, జబ్బుల వలన, 1840లో తన చెల్లెలు రోడా మరణించడం వలన వెనుకకు రావలసివచ్చింది. కొండ శిఖరాల మీద కంచెలు కట్టుకొని, ద్వారాల వద్ద కాపలా పెట్టుకొని జీవించే గ్రామాలవి. శత్రువు తల తెచ్చినవానికి గౌరవం దక్కే కాలమది.

ముందుగా ఆ దారి తొక్కినది దొరలు కాదు. ఈ మాట మనం మరచిపోకూడదు. గొధులా అనే అస్సామీ సువార్తికుడు 1871లో ఆవో నాగాల గ్రామమైన దెకాహైమాంగుకు ఒంటరిగా వెళ్లాడు. తెల్లదొరల గూఢచారి అనుకొని వారు ఆయనను ఒక గుడిసెలో పెట్టి కాపలా ఉంచారు. ఆయన పాటలు పాడుతూ ఉంటే జనం దగ్గరకు చేరారు. 1872 నవంబరులో తొమ్మిదిమంది కొండ దిగి శిబ్‌సాగరు వచ్చి బాప్తిస్మము పొందారు. డిసెంబరులో క్లార్కు దొరగారు ఆ గ్రామానికి వెళ్లినప్పుడు మరి పదిహేనుమంది పొందారు. నాగాలలో మొదటి సంఘము అదే. గొధులా భార్య లూసీ కూడా భర్తతోపాటు ఆ కొండ మీద ఉండి పరిచర్య చేసింది. అక్కడి స్త్రీల మధ్య పని విషయంలో మేరీగారి కంటే ముందు చెప్పవలసిన పేరు ఆమెది.

1876 మార్చిలో క్లార్కు దొరగారు కొండ మీదనే కాపురం ఉండటానికి వెళ్లారు. అది అప్పటికి ఆంగ్ల ప్రభుత్వపు హద్దులకు బయట ఉన్న ప్రాంతము. ఏదైనా జరిగితే తమకు బాధ్యత లేదని అధికారులు ముందే తెలియజేశారు. గ్రామంలో విశ్వాసులకూ తక్కినవారికీ పొత్తు కుదరలేదు. పొరుగు ఊళ్ల మీద దాడులకు విశ్వాసులు కలిసి రారు. రాకపోతే ఊరివారు ఊరుకోరు. ఆ అక్టోబరులో సుమారు పదిహేను కుటుంబాలు తమ సామాను వీపున వేసుకొని బయటకు నడిచి వేరొక కొండ మీద ఊరు కట్టుకున్నాయి. దాని పేరు మొలుంగ్‌యిమ్‌సెన్. ఆవో భాషలో యిమ్‌సెన్ అంటే కొత్త ఊరు. పుట్టిన ఊరు విడిచివచ్చి పరాయి చోట సంఘము కట్టుకున్న కుటుంబాల మనుమలము మనలో చాలామందిమి ఉన్నాము; ఆ పదిహేను కుటుంబాల సంగతి మనకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఇదంతా జరిగినప్పుడు మేరీగారు అమెరికాలో ఉన్నారు. 1878లో తిరిగివచ్చి భర్తను చేరుకున్నారు. వెదురు, గడ్డితో కట్టిన ఇల్లు, మనుష్యుల వీపుల మీద వచ్చే సామాను, ఏ దండూ కాపలా లేని ఊరు.

వచ్చినవెంటనే ఆడపిల్లలను కూర్చోబెట్టి చదువు మొదలుపెట్టారు. ఆవో ఆడపిల్లకు నీళ్లు మోయడం, పొలం పని, నేత, చిన్నపిల్లల పెంపకం ఇవన్నీ ఉంటాయి. వారిని ఒక గంట పలక ముందు నిలపడమే గొప్ప. ఉపాధ్యాయ శిక్షణ పొందిన నాకు ఇంకొక కష్టం కూడా కనబడుతుంది. మనం పిల్లలకు అక్షరాలు నేర్పుతాము. ఆమెకు నేర్పడానికి అక్షరాలే లేవు. ఆవో భాష అప్పటికి నోటిలోనే ఉంది. ఒక్కొక్క మాట విని, శబ్దం పట్టుకొని, రోమన్ లిపిలో వ్రాసి, ఆ వ్రాసినదానిని మరల పిల్లలకు నేర్పాలి. మన సంఘాలలో పిల్లలు ఇంట తెలుగు మాట్లాడుతూనే, కీర్తనల పుస్తకము తెరిస్తే కన్నడ అక్షరాలలోనో తమిళ అక్షరాలలోనో వ్రాసి ఇమ్మని అడుగుతున్నారు. నాలుగు వేళ్ల మధ్య ఉన్న లిపిని మనం జారవిడుస్తుంటే, లేని లిపిని ఆమె కూర్చారు. ఈ సంగతి తలచినప్పుడు నాకు కొంత సిగ్గు కలుగుతుంది.

ఆ పని ఫలము 1893లో షిల్లాంగులో అచ్చయింది. ఆవో నాగా వ్యాకరణము, వాడుక వాక్యాలు, పదాల పట్టికతో సహా. భర్త సువార్తల అనువాదము, నిఘంటువు చూస్తే, భార్య వ్యాకరణము చూశారు.

కాలము సాఫీగా జరగలేదు. 1888లో దిఖు నదికి అవతలి గ్రామాలవారు మంగ్‌సెన్‌యిమ్‌టి అనే ఆవో గ్రామం మీద పడి అనేకులను చంపారు. 1889లో ప్రభుత్వము ఆవో ప్రాంతాన్ని తన క్రిందికి తీసుకున్నది. సంఘములో కూడా తుఫాను వచ్చింది. కొత్తగా వచ్చిన మిషనరీలు బియ్యపు సారా, నల్లమందు విషయంలో కఠిన నియమాలు పెట్టగా సభ్యుల సంఖ్య బాగా తగ్గిపోయింది. ఇరవై సంవత్సరాలు పెంచినది కళ్లెదుట చిన్నదవడం ఆ దంపతులు చూశారు. నియమము అవసరమే, అయినా అంత వేగము అవసరమా అని నాకు అనిపిస్తుంది. 1894లో మిషను కేంద్రము ఇంపూరుకు మారింది. దంపతులు అక్కడా పని సాగించారు.

1911లో వారు నాగా కొండలను విడిచారు. ఆవో నిఘంటువు ఆ ఏడే వెలువడింది. దొరగారు 1913లో ఫ్లోరిడాలో, మేరీగారు తొంభై దాటిన వయస్సులో 1924లో కన్నుమూశారు. 2011 జనాభా లెక్కలలో నాగాలాండులో క్రైస్తవులు సుమారు 88 శాతం. వారిలో అధికులు బాప్తిస్టులే.

మోకోక్‌చుంగు దగ్గరి వేదాంత కళాశాలకు క్లార్కు పేరు ఉంది. ఆ పేరు విన్నవారు ఎక్కువగా దొరగారినే తలుస్తారు. ఆమె స్వయంగా వ్రాసిన వ్యాకరణము మీద కూడా మిసెస్ ఇ. డబ్ల్యు. క్లార్కు అని మాత్రమే అచ్చువేశారు. నాగా కొండల అనుభవాల మీద ఆమె వ్రాసిన పుస్తకము 1907లో ఫిలడెల్ఫియాలో వెలువడినప్పుడు మాత్రం మేరీ మీడ్ క్లార్కు అని పూర్తి పేరు వేశారు. అప్పటికి ఆమెకు డెబ్బై అయిదేళ్లు.