ఓషధి విజ్ఞానానికి విద్యాపీఠం నిర్మించిన వైద్యరత్న దీవి గోపాలాచార్యులు

ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో దక్షిణ భారతదేశంలో ఆయుర్వేద విద్యను పునరుద్ధరించిన వారిలో వైద్యరత్న పండిత దీవి గోపాలాచార్యులు అగ్రగణ్యులు. గురువు నుంచి శిష్యునికి, తండ్రి నుంచి కుమారునికి సంక్రమిస్తూ వచ్చిన ఓషధి విజ్ఞానాన్ని కళాశాల, ఆసుపత్రి, ఔషధశాల అనే మూడు వ్యవస్థల పరిధిలోకి తీసుకురావడం ఆయన జీవితకృషి. మొక్కల నుంచి మందులను అన్వేషించే శాస్త్రజ్ఞులు నేటికీ ఎదుర్కొంటున్న ప్రశ్నలు ఆయన కాలంలోనే మద్రాసు రాజధానిలో తీవ్ర చర్చకు వచ్చాయి.

బందరు బిడ్డ

గోపాలాచార్యులు 1872లో మచిలీపట్నంలో జన్మించారు. ఆయన ఇంటిపేరు కృష్ణానది సాగరసంగమ ప్రాంతమైన దీవిసీమను తలపిస్తుంది. గుడివాడ మొదలుకొని మచిలీపట్నం, దీవిసీమల వరకు విస్తరించిన ఈ దిగువ డెల్టా వరిచేలకే కాక ఓషధులకూ నెలవు. కాలువగట్లపై గుంటగలగర, పొలాలలో నేల ఉసిరి, పెరటి కంచెలపై తిప్పతీగ, బాటల వెంట కానుగ, సముద్రతీరాన మడచెట్లు ఇక్కడివారికి సుపరిచితాలు. ఆధునిక ఆసుపత్రులు అరుదుగా ఉన్న ఆ రోజులలో గ్రామీణులకు వైద్యమంటే ప్రధానంగా ఈ ఆకులు, వేళ్లు, వాటి గుణమెరిగిన వైద్యులే.

ఆయుర్వేద శాస్త్రాధ్యయనం కోసం గోపాలాచార్యులు మైసూరు సంస్థానానికి వెళ్లారు. నాడు సంస్కృత విద్యకు, దేశీయ వైద్యానికి ఆ సంస్థానం ఆదరణ కల్పించేది. అక్కడ విద్య ముగించుకొని ఆయన వైద్యవృత్తిని చేపట్టారు.

ప్లేగు కాలంలో

1896లో బొంబాయిలో ప్రబలిన ప్లేగు 1898 నాటికి బెంగుళూరును తాకింది. భయాందోళనలతో జనం ఇళ్లు విడిచి తరలిపోయిన ఆ సమయంలో గోపాలాచార్యులు బెంగుళూరులో రోగులకు చికిత్స చేశారు. లోపలికి హైమాది పానకాన్ని, పైపూతకు శతధౌత ఘృతాన్ని ఆయన వినియోగించారు. నూరుసార్లు నీటితో కడిగిన నెయ్యి శతధౌత ఘృతం. ఈ రెండు ఔషధాలూ ఆయన పేరును దక్షిణాదిన వ్యాపింపజేశాయి.

ప్లేగుకు నికరంగా పనిచేసే యాంటీబయాటిక్ మందులు 1940వ దశకంలో గాని రాలేదు. రోగులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి మందునిచ్చి, ఫలితాలను పోల్చిచూసే విధానం కూడా క్షయరోగంపై జరిగిన స్ట్రెప్టోమైసిన్ పరీక్షల ఫలితాలు 1948లో వెలువడిన అనంతరమే స్థిరపడింది. గోపాలాచార్యుల నాటికి ఏ వైద్యవిధానంలోనైనా వైద్యుని అనుభవమే ప్రధాన ప్రమాణం. ఆ అనుభవాన్ని ఒక్క వైద్యునికే పరిమితం కానివ్వరాదన్నది ఆయన తదుపరి కృషికి ప్రేరణగా నిలిచింది.

మద్రాసులో సంస్థల నిర్మాణం

అనంతరం గోపాలాచార్యులు మద్రాసు చేరి, శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానం వారి ఆయుర్వేద వైద్యశాలకు ప్రధాన వైద్యులయ్యారు. దేవస్థానం పోషణలోనే ఆయుర్వేద కళాశాల ఏర్పడింది. పాఠం చెప్పే చోటనే రోగిని చూపించడం ఇందువల్ల సాధ్యమైంది. ఆయన స్థాపించిన ఆయుర్వేదాశ్రమం మందుల తయారీని ఒక క్రమపద్ధతికి తెచ్చింది. అక్కడ తయారైన జీవామృతం, అరుణ వంటి మందుల ప్రకటనలు ఆయన గతించిన తరువాత కూడా చాలాకాలం తెలుగు పత్రికల పాఠకులకు పరిచితాలు. ప్రభుత్వం ఆయనను వైద్యరత్న బిరుదుతో సత్కరించింది.

ఈ సంస్థలు నిలదొక్కుకున్న కాలం దేశీయ వైద్యానికి అనుకూలమైనది కాదు. 1914 నాటి మద్రాసు వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టం పాశ్చాత్య వైద్యపట్టాలు గలవారినే గుర్తించింది. వైద్యులలో అత్యధికులు చట్టం దృష్టిలో వైద్యులే కాకుండాపోయారు. ప్రజలలో ఎక్కువమంది ఆశ్రయించే వైద్యం ప్రభుత్వ గుర్తింపుకు వెలుపల మిగిలిపోయింది.

కోమన్ విచారణ

ఈ నేపథ్యంలో 1918లో మద్రాసు ప్రభుత్వం దేశీయ ఔషధాలపై విచారణ బాధ్యతను పాశ్చాత్య వైద్యులైన డాక్టర్ ఎం.సి. కోమన్‌కు అప్పగించింది. ఆయన ఔషధాలను రోగులపై ప్రయోగించి, ఫలితాలను నివేదికలలో పొందుపరిచారు. కొన్ని మందులు ప్రయోజనకరమని అంగీకరిస్తూనే, ఆయుర్వేద సిద్ధాంతానికి శాస్త్రీయమైన పునాది లేదని తీర్మానించారు. మందును స్వీకరించి, మందు వెనుకనున్న శాస్త్రాన్ని తిరస్కరించిన ఈ తీర్పు వైద్యలోకంలో అలజడి రేపింది. ద్రావిడ వైద్య మండలి, మద్రాసు ఆయుర్వేద సభ దీనికి సమాధానం ప్రచురించాయి. ఆయుర్వేదం చదవని వ్యక్తి దాని ఔషధాలపై తీర్పు చెప్పజాలరన్నది వారి వాదనలో ముఖ్యాంశం.

ఇరుపక్షాల వాదనలోనూ సత్యం ఉన్నది. పరీక్షకు నిలవని మందును శాస్త్రం పేరిట కాపాడలేము. అయితే మొక్క గుర్తింపు, సేకరణ కాలం, వాడే భాగం, తయారీ విధానం తెలియకుండా చేసిన పరీక్ష కూడా పరీక్ష కాజాలదు. ఉదాహరణకు బ్రాహ్మి అనే పేరుతో ఒకచోట సరస్వతి ఆకును, మరొకచోట బకోపా మొక్కను వాడుతున్నారు. ఒకదానిని పరీక్షించి రెండవదానిపై తీర్పు చెప్పడానికి వీలులేదు.

తరువాతి చరిత్ర ఈ రెండు సత్యాలనూ ధ్రువీకరించింది. సర్పగంధ వేరు నుంచి 1952లో వేరుచేసిన రెసర్పిన్ రక్తపోటు చికిత్సలో నూతన అధ్యాయానికి నాంది పలికింది. చైనా శాస్త్రవేత్త టు యుయు మాచిపత్రి జాతికి చెందిన మొక్క నుంచి మలేరియా మందును రాబట్టే ప్రయత్నంలో, వేడిచేస్తే గుణం నశిస్తున్నదని ప్రాచీన గ్రంథంలోని తయారీ విధానం ఆధారంగా గ్రహించారు. తక్కువ ఉష్ణోగ్రత వద్ద సారం తీసి విజయం సాధించారు. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది.

శిష్యపరంపర

ఈ వివాదం కొలిక్కి రాకముందే 1920లో, 48 ఏళ్ల వయసులో గోపాలాచార్యులు పరమపదించారు. మరుసటి ఏడాది ప్రభుత్వం మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన దేశీయ వైద్యంపై సంఘాన్ని నియమించింది. ఆ సంఘం 1923లో సమర్పించిన నివేదిక దేశీయ వైద్యవిధానాలకు అనుకూలంగా వెలువడింది. ఫలితంగా ఆ దశకం మధ్యలో మద్రాసులో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల ఏర్పాటైంది. గోపాలాచార్యులు కోరిన ప్రభుత్వ గుర్తింపు ఆయన కన్నుమూసిన తరువాత లభించింది.

పాశ్చాత్య వైద్యంలో పట్టభద్రులై ఉండి కూడా ఆయన వద్ద ఆయుర్వేదం అభ్యసించిన డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గురువు అనంతరం కళాశాల బాధ్యతలు స్వీకరించారు. సోదరులను కోల్పోయి, స్ప్రూ వ్యాధితో మరణం అంచుకు చేరిన భీమవరం యువకుడు ఎల్లాప్రగడ సుబ్బారావు లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు. ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్ర అధ్యాపకులుగా పనిచేసి, 1923లో అమెరికా వెళ్లారు. పాలకూర ఆకుల నుంచి తొలుత వేరుచేసినందువల్ల ఆకు పేరనే ప్రసిద్ధమైన ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన నాయకత్వంలోని లెడర్లీ శాస్త్రజ్ఞుల బృందం సంశ్లేషించింది. అది స్ప్రూ రోగులకే ప్రాణదాయిని అయింది. మచిలీపట్నం వైద్యుడు నెలకొల్పిన విద్యాపరంపరలో కొంతకాలం నిలిచిన యువకుడు ప్రపంచ వైద్యానికి మందునందించడం చరిత్రలో విశేషఘట్టం.

దేశంలో ఓషధి మొక్కల సంరక్షణ, సాగుల కోసం 2000లో జాతీయ ఔషధ మొక్కల బోర్డు ఏర్పడింది. సంప్రదాయ విజ్ఞానంపై అక్రమ పేటెంట్లను నివారించే డిజిటల్ గ్రంథాలయం రూపుదిద్దుకుంది. డెల్టా గ్రామాలలో వృద్ధవైద్యులకు మాత్రమే తెలిసిన మొక్కలను, వాటి తయారీ విధానాలతో సహా, వారుండగానే నమోదు చేయడం మిగిలిన కర్తవ్యం. విద్యను ఒక్కరి వద్దనే ఉంచక పదిమందికి అందించిన దీవి గోపాలాచార్యుల జీవితం ఈ కృషికి మార్గదర్శకం.