సర్కారీ కొలువు వదిలి.. కెమెరా వెంట

మారేడ్‌పల్లి చుట్టుపక్కల అద్దె గదుల్లో, హాస్టళ్లలో ఉండి గ్రూప్స్‌కో రైల్వే పరీక్షలకో చదువుకునేవాళ్లకు పరేడ్ గ్రౌండ్స్ కొత్త కాదు. ఏదో ఒక పార్టీ సభ అక్కడ జరుగుతూనే ఉంటుంది. ఆ రోజు వేదిక ముందు మెడలో రెండేసి కెమెరాలు వేసుకుని, ఒకరినొకరు తోసుకుంటూ నిలబడే ఫొటోగ్రాఫర్లను మీరు చూసే ఉంటారు. వాళ్లంతా పత్రికల ఉద్యోగులే అనుకుంటాం. కాదు. కొందరికి నెల జీతం ఉండదు. ఫొటో ఎవరైనా కొంటేనే డబ్బు. రేపు ఏ నాయకుడు ఎక్కడికొస్తున్నాడు, లోపలికి ఎవరు రానిస్తారు, తీసిన ఫొటో ఎవరికి పనికొస్తుంది.. అన్నీ వాళ్లే చూసుకోవాలి.

ఇదే పనిని ఇదే సికింద్రాబాద్‌లో 1880ల్లోనే చేసి చూపించినాయన ఒకరున్నారు. అదీ, చేతిలో ఉన్న పక్కా సర్కారీ ఉద్యోగం వదులుకుని! ఆయనే రాజా దీన్‌దయాళ్. పాత హైదరాబాద్ ఫొటో ఎక్కడ కనిపించినా, చార్మినార్ కావచ్చు, ఫలక్‌నుమా కావచ్చు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కావచ్చు, అది ఆయన స్టూడియోలో పుట్టింది అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఫొటో మనకు తెలుసు. తీసినాయన ఏ లెక్కలు వేసుకుని ఆ దారిలోకి వచ్చారన్నదే పెద్దగా తెలియదు.

రూర్కీ ఇంజినీరు

దీన్‌దయాళ్ తెలుగువారు కారు. 1844లో మేరఠ్ దగ్గరి సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివారు. ఇప్పుడు మనం ఐఐటీ రూర్కీ అంటున్నది దాన్నే. 1866లో ఇందోర్‌లోని పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటర్, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. అంటే కట్టబోయే పనికి ఎంత ఖర్చవుతుందో అంచనా కట్టడం, నక్షాలు గీయడం. ఆ రోజుల్లో ఒక భారతీయుడికి అంతకంటే భద్రమైన కొలువు దొరకడం కష్టం.

కెమెరా చేతికొచ్చింది 1874 ప్రాంతంలో. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు. ఇరవై మూడుకే ఆలస్యమైపోయిందని బెంగపడేవాళ్లు ఈ అంకెను ఒకసారి చూసుకోవచ్చు. ఉద్యోగం మానలేదు. పని చేస్తూనే నేర్చుకున్నారు. ఇందోర్ మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్, సెంట్రల్ ఇండియాలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డాలీ ఆయన్ని ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశ పర్యటనకు వచ్చినప్పుడు ఆ రాజకీయ సందడిని ఫొటోలు తీసే అవకాశం దక్కింది. కెమెరా పట్టిన ఒకట్రెండేళ్లకే అంత పెద్ద పని దొరికింది.

తర్వాతి మెట్టు సర్ లెపెల్ గ్రిఫిన్. డాలీ తర్వాత అదే ఏజెంటు పదవికి వచ్చినాయన. 1880ల తొలినాళ్లలో ఆయన బుందేల్‌ఖండ్ పర్యటనకు వెళ్తూ దీన్‌దయాళ్‌ను వెంట తీసుకెళ్లారు. కోటలు, గుళ్లు, సంస్థానాల రాజులు.. అన్నింటినీ ఆయన ప్లేట్ల మీదికి ఎక్కించారు. వాటితో మధ్య భారత ప్రసిద్ధ కట్టడాల మీద 1886లో ఒక పుస్తకం వచ్చింది. రచయితగా గ్రిఫిన్ పేరే ఉంటుంది. ఇవాళ ఆ పుస్తకం తెరిచేవాళ్లు మాత్రం ఫొటోల కోసమే తెరుస్తారు!

ముందు సెలవు, తర్వాత రాజీనామా

1885లో వైస్రాయ్ లార్డ్ డఫరిన్ ఆయన్ని తన ఫొటోగ్రాఫర్‌గా నియమించారు. పేరు గొప్పదే. కానీ దాన్ని నెలనెలా జీతమొచ్చే ఉద్యోగంగా ఊహించుకోకండి. ఇలాంటి నియామకం వల్ల వచ్చేది ముఖ్యంగా ప్రవేశం. దర్బారు గుడారం దగ్గర కాపలావాళ్లు ఆపరు. స్టూడియో బోర్డు మీద ఆ హోదా రాసుకోవచ్చు. దాన్ని చూసి మిగతా క్లయింట్లు వస్తారు. ఇవాళ ఫ్రీలాన్సర్ అక్రెడిటేషన్ కార్డు కోసం సమాచార శాఖ చుట్టూ తిరిగేది కూడా ఇందుకేగా!

ఇక్కడే ఆయనలోని ఎస్టిమేటర్ కనిపిస్తాడు. ఉన్నపళంగా రాజీనామా పడెయ్యలేదు. ముందు దీర్ఘకాలిక సెలవు పెట్టారు. కెమెరా ఒక్కదాని మీదే ఇల్లు గడుస్తుందా లేదా చూసుకున్నారు. గడుస్తుందని తేలాకే కొలువు వదిలేశారు. అప్పటికి నలభై దాటాయి, పిల్లలున్నారు. ప్యాషన్‌ను నమ్ముకుని దూకేయమని చెప్పే వీడియోలు రోజుకు పది కనిపిస్తాయి. ఈయన దూకలేదు, లోతు చూసుకుంటూ దిగారు. నాకైతే ఇదే ఎక్కువ ధైర్యం అనిపిస్తుంది.

మరి సికింద్రాబాద్ ఎందుకు? ఇక్కడ రెండు మార్కెట్లు పక్కపక్కనే ఉన్నాయి. హుస్సేన్ సాగర్‌కు ఒకపక్క దేశంలోకెల్లా సంపన్నమైన సంస్థానం. నిజాం, పైగా ప్రభువులు, నవాబులు, వాళ్ల ప్యాలెస్‌లు. ఇంకోపక్క బ్రిటిష్ కంటోన్మెంట్. రెజిమెంట్లు, దొరలు, పోలో ఆటలు, ఇంగ్లండ్‌లోని ఇంటికి పంపుకోవడానికి కుటుంబం ఫొటోలు. వైస్రాయ్ వస్తే ఈ రెండు లోకాలూ ఒక్కచోట చేరతాయి. ఆ విందులూ పరేడ్లూ కవర్ చేస్తే ప్రింట్లు రెండువైపులా అమ్ముడవుతాయి. సీజన్ లేనప్పుడు స్టూడియో పోర్ట్రెయిట్లు ఎలాగూ ఉన్నాయి. రాజకీయ ఫొటో పేరు తెస్తుంది, పోర్ట్రెయిట్ బియ్యం తెస్తుంది. ఇప్పుడు సభలు కవర్ చేస్తూ పెళ్లిళ్లు కూడా తీసే కుర్రాళ్లది అదే లెక్క.

1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు మగ ఫొటోగ్రాఫర్ ముందుకు రారు కదా. అందుకే ఎత్తైన గోడల చాటున, ఆడవాళ్లే నడిపే స్టూడియో. దాని బాధ్యత కెన్నీ లెవిక్ అనే బ్రిటిష్ మహిళకు అప్పగించారు. ఊళ్లో సగం మంది క్లయింట్లు కాలేకపోతున్నారని ముందుగా గమనించింది ఆయనే.

గాజు పలకల రోజులు

ఆ రోజుల్లో సభ కవర్ చేయడమంటే ఏంటో కొంచెం ఊహించుకోండి. ఆయన మొదలుపెట్టిన కాలంలో తడి కొలోడియన్ పద్ధతి ఉండేది. గాజు పలకకు అక్కడికక్కడే రసాయనం పూసి, ఆరేలోపు ఫొటో తీసి, వెంటనే డెవలప్ చేయాలి. అంటే చీకటి గుడారాన్ని వెంటే మోసుకెళ్లాలి. 1880 ప్రాంతంలో పొడి పలకలు అందుబాటులోకి వచ్చాక ప్రాణం కొంత తేలికైంది. అయినా పెద్ద కెమెరా, స్టాండు, గాజు పలకల పెట్టెలు.. ఎద్దుబండో కూలీలో లేనిదే కదలదు. వంద షాట్లు కొట్టి ఒకటి ఏరుకుందామంటే కుదరదు. పైగా గుంపులో ఒకరు కదిలినా మొహం చెదిరిపోతుంది.

కాబట్టి వైస్రాయ్ ఎక్కడ కూర్చుంటారో, ఎండ ఎటు నుంచి పడుతుందో, ఎవరి పక్కన ఎవరు నిలబడితే మర్యాదకు భంగం రాదో అంతా ముందే తేల్చుకోవాలి. నిజాం దర్బారులో వరస తప్పితే ఫొటో పాడవడంతో పోదు, పరువు సమస్య అవుతుంది. ఆయన గ్రూప్ ఫొటోల్లో జనం ఒక నక్షా గీసినట్టు అమరి ఉండటం చూస్తే డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం వృథా పోలేదనిపిస్తుంది.

1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన ఫొటోలు ప్రదర్శనకెక్కాయి. 1894లో నిజాం రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదిచ్చారు. ఆయన్ని మెచ్చుకుంటూ ఉర్దూలో రెండు పాదాల పద్యం కూడా అల్లారు. 1896లో బొంబాయిలో స్టూడియో. 1897లో విక్టోరియా రాణి ఫొటోగ్రాఫర్‌గా రాజ నియామక పత్రం.

నెక్కొండ పులి, కరువు పనులు

1902 ఏప్రిల్‌లో వైస్రాయ్ లార్డ్ కర్జన్ వేటకు వరంగల్ వైపు వెళ్లారు. నెక్కొండ దగ్గర చంపిన పులి ముందు భార్యతో కలిసి నిలబడ్డ ఫొటో దీన్‌దయాళ్ సంస్థదే. దేశవిదేశాల్లో ఆ కాలం గురించి రాసే పుస్తకాల్లో ఇప్పటికీ కనిపిస్తుంటుంది. పాలించేవాడు ఎలా కనబడాలనుకున్నాడో అచ్చం అలాగే కనబడతాడు అందులో.

ఇక్కడ ఆయన్ని కొంచెం నిలదీయక తప్పదు. దక్కన్‌లో 1899-1900 కరువు ఎంత ఘోరమైందో చరిత్ర చదివేవాళ్లకు తెలుసు. ఆయన సంస్థ నిజాం రాజ్యంలోని కరువు సహాయక పనులను కూడా ఫొటోలు తీసింది. అయితే అవి ప్రభుత్వం ఎంత మంచి పనులు చేస్తోందో చూపించే ఆల్బమ్‌లోవి. ఎముకలు తేలిన మనుషులు ఆ ఫ్రేముల్లో ఉన్నారు, కానీ ఆకలి కంటే సర్కారు ఏర్పాట్లే ముందు కనబడేలా తీశారు. డబ్బిచ్చేవాడు, లోపలికి రానిచ్చేవాడు ఒకడే అయినప్పుడు కెమెరా ఎటు తిరుగుతుందన్నది పాత ప్రశ్న. పార్టీ నుంచే పేమెంట్ తీసుకుని అదే పార్టీ సభ ఫొటోను పత్రికకు పంపే ఫ్రీలాన్సర్‌కు ఇవాళ కూడా అది ఎదురవుతుంది. దీన్‌దయాళ్ దానికి జవాబేమీ వదిలి వెళ్లలేదు. ఫొటోలు వదిలి వెళ్లారు, అంతే. మనమే జాగ్రత్తగా చదువుకోవాలి.

నంబరు వేసిన నెగెటివ్

ఆయన చేసిన ఇంకో పని చిన్నదిగా కనిపిస్తుంది. నెగెటివ్ మీదే తన పేరు, వరస నంబరు రాసేవారు. ప్రింటు ఎక్కడికి పోయినా పేరు వెంటే పోతుంది. క్లయింటు మళ్లీ అడిగితే నంబరు పట్టుకుని పలక తీసి ఇంకో కాపీ వేయొచ్చు. ఒక్క దర్బారు ఫొటో ఏళ్ల తరబడి అమ్ముడవుతుంది.

ఈ అలవాటు ఇప్పుడు ఇంకా అవసరం. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఫొటో తీసినవాళ్లే మామూలుగా దాని సొంతదారు. కానీ ఎవరైనా డబ్బిచ్చి మీ చేత తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు వాళ్లకే పోతుంది. ఓ నాయకుడి ఆఫీసు నుంచి ఫోనొచ్చి పని ఒప్పుకునేటప్పుడే హక్కు ఎవరిదో కాగితం మీద రాయించుకోవాలి. కనీసం వాట్సాప్ మెసేజ్‌లోనైనా తేల్చుకోండి. కెమెరాను డిగ్రీగానే చదవాలనుకుంటే మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీలో బీఎఫ్ఏ ఉంది.

1903లో ఢిల్లీ దర్బారును ఆయన సంస్థ కవర్ చేసింది. అదే చివరి పెద్ద పని. ఏనుగులు, రాజులు, వేల మంది జనం. మరుసటి ఏడాదే కొడుకు ధరమ్‌చంద్ చనిపోయారు. 1905 జులై 5న దీన్‌దయాళ్ బొంబాయిలో కన్నుమూశారు. మరో కొడుకు జ్ఞాన్‌చంద్ కొన్నాళ్లు పని నడిపించారు. కానీ చేతిలో ఇమిడే కెమెరాలు వచ్చేశాక, దొర ఇంట్లో దొరే ఫొటో తీసుకోవడం మొదలయ్యాక, పాత స్టూడియోల రోజులు అయిపోయాయి.

గాజు పలకలు మాత్రం కుటుంబం దగ్గర చాలాకాలం మిగిలాయి. వాటిలో 2,857 నెగెటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళల కేంద్రం కొనుగోలు చేసింది. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు వేసింది. ఆ పలకల మీద ఆయన రాసిన నంబర్లు ఇప్పటికీ చదవొచ్చు.