అంగడి దారి మార్చిన ఇమామ్

చిన్న వ్యాపారం చేసుకునే ఇళ్లలో ఒక ప్రశ్న తరచూ తలెత్తుతుంటుంది. కొడుకు ధర్మవిద్య వైపో, పెద్ద చదువు వైపో మొగ్గితే అంగడి ఏమైపోవాలి? నంద్యాలలోనైనా, ఆళ్లగడ్డలోనైనా తండ్రి పెట్టిన బట్టల అంగడినో, కుట్టు మిషన్‌నో నమ్ముకున్న కుటుంబాలకు ఇది చిన్న ప్రశ్న కాదు. అంగడి మూస్తే ఇల్లు గడవదు. అంగడికే అతుక్కుపోతే చదువు సాగదు. మనలో చాలామంది అనుసరించే ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) గారికి కూడా యవ్వనంలో ఈ ప్రశ్నే ఎదురైంది.

ఆయన అసలు పేరు నుఅమాన్ బిన్ సాబిత్. హిజ్రీ 80లో (క్రీ.శ. 699) ఇరాక్‌లోని కూఫా నగరంలో జన్మించారు. వారిది పట్టుబట్టల వ్యాపారం. యువకుడైన నుఅమాన్ ఎక్కువ సమయం బజారులోనే గడిపేవారు. ఒకరోజు ఆయన చురుకుదనాన్ని గమనించిన ప్రసిద్ధ పండితులు ఇమామ్ షాబీ, విద్వాంసుల సన్నిధిలో కూర్చోవలసిందిగా హితవు చెప్పారు. ఆ మాట మనసులో నాటుకుంది. తర్వాత ఆయన హమ్మాద్ బిన్ అబీ సులైమాన్ గారి శిష్యులై, హిజ్రీ 120లో గురువు కన్నుమూసే వరకు సుమారు 18 ఏళ్లు ఆయనను అంటిపెట్టుకుని ఉన్నారు.

అయినా ఇమామ్ గారు అంగడి మూయలేదు. దాని దారి మార్చారు. భాగస్వామితో కలిసి వ్యాపారం సాగిస్తూనే, వచ్చిన లాభాన్ని విద్యకు మళ్లించారు. పండితుల అవసరాలు, పేద విద్యార్థుల ఖర్చులు ఆ సొమ్ముతోనే తీరేవి. పేదరికంతో చదువు ఆగిపోవలసిన అబూ యూసుఫ్‌ను ఆయనే ఆదుకున్నారు. ఆ శిష్యుడే తర్వాత ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

బేరంలో ఆయన నిజాయితీ గురించి చరిత్రకారులు ఎన్నో సంఘటనలు రాశారు. ఒకసారి సరుకులో ఒక బట్టకు లోపం ఉందనీ, కొనేవారికి అది చెప్పి అమ్మాలనీ భాగస్వామి హఫ్స్‌కు చెప్పి పంపారు. హఫ్స్ మరచిపోయి అమ్మేశారు. కొన్నవారెవరో తెలియలేదు. ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా దానం చేసేశారు. మరోసారి ఒక స్త్రీ పట్టుబట్టను నూరు దిర్హములకు అమ్మజూపితే, దాని విలువ అంతకంటే ఎక్కువని ఆయనే చెప్పి, చివరకు అయిదు నూర్లకు కొన్నారట.

ఈ అంగడి విలువ అసలైన పరీక్షలో బయటపడింది. ఖలీఫా మన్సూర్ ఆయనను న్యాయమూర్తి పదవి స్వీకరించమన్నారు. పాలకుల ఇష్టానికి తీర్పు చెప్పవలసి వస్తుందని ఇమామ్ గారు నిరాకరించారు. చెరసాల పాలయ్యారు. హిజ్రీ 150లో (క్రీ.శ. 767) బాగ్దాదులో కన్నుమూశారు. పాలకుల కానుకల మీద ఆధారపడి బతికే వ్యక్తికి అంత ధైర్యం కష్టమే. ఆయన అన్నం ఆయన అంగడి నుంచి వచ్చింది గనుక ధర్మం విషయంలో ఎవరికీ తలవంచవలసిన అవసరం కలగలేదు.

కాబట్టి మన ఇళ్లలో కొడుకో కూతురో చదువు వైపు అడుగు వేస్తే, అంగడిని అడ్డంకిగా చూడనక్కర లేదు. నమ్మకమైన మనిషితో పొత్తు కలుపుదాం. లాభంలో కొంత చదువుకు కేటాయిద్దాం. సరుకులో లోపం ఉంటే ముందే చెబుదాం. అల్లాహ్ మనందరి సంపాదనను హలాల్ చేసి, అందులో శుభం ప్రసాదించుగాక! ఆమీన్.