వాల్‌చంద్ హీరాచంద్

వాల్‌చంద్ హీరాచంద్ (నవంబర్ 23, 1882 - ఏప్రిల్ 8, 1953) ప్రముఖ భారతీయ పారిశ్రామికవేత్త. నౌకాయానం, నౌకా నిర్మాణం, విమానాల తయారీ, మోటారు వాహనాల తయారీ రంగాలలో స్వదేశీ పరిశ్రమకు పునాదులు వేసినవారిలో ముఖ్యుడు. విశాఖపట్నంలోని హిందుస్తాన్ షిప్‌యార్డు ఈయన నాయకత్వంలో ప్రారంభమైనదే. అనుభవజ్ఞులైన భారతీయ నిర్వాహకులు దాదాపు లేని రంగాలలో, పని అప్పగించి మనుషులను నిర్వాహకులుగా తీర్చిదిద్దడం ఈయన జీవితంలోని ఒక ముఖ్యాంశం.

బాల్యము, తొలి వ్యాపారం

వాల్‌చంద్ షోలాపూరులో స్థిరపడిన ఒక గుజరాతీ జైన వర్తక కుటుంబంలో జన్మించాడు. పత్తి వ్యాపారం, వడ్డీ వ్యాపారం ఈ కుటుంబపు వృత్తులు. బొంబాయి, పూణేలలో కళాశాల విద్య అభ్యసించాడు. కుటుంబ వ్యాపారం రుచించక, పూర్వం రైల్వే గుమాస్తాగా పనిచేసిన లక్ష్మణరావు బల్వంత్ ఫాటక్‌తో భాగస్వామిగా చేరి రైల్వే కాంట్రాక్టులు చేపట్టాడు. బార్సీ లైట్ రైల్వే పనితో ఈ వ్యాపారం మొదలైంది. ఫాటక్ వద్ద ధనం లేదు, కాని రైల్వే పనుల లోతుపాతులు తెలుసు. వాల్‌చంద్‌కు కుటుంబ ధనం అండగా ఉంది. తనకు లేని పరిజ్ఞానం ఎవరి వద్ద ఉన్నదో గుర్తించి, హోదా చూడక వారితో చేయి కలపడం ఈయన ఆ వయసులోనే అలవరచుకున్నాడు. తరువాత ఈ వ్యాపారం టాటా కన్‌స్ట్రక్షన్ కంపెనీలో భాగమైంది. బొంబాయి - పూణే మార్గంలోని భోర్ ఘాట్ సొరంగాలు ఈ కంపెనీ చేపట్టిన పనులలో పేరొందినవి.

సింధియా నౌకాయాన సంస్థ

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత ఓడలకు గిరాకీ బాగా పెరిగింది. 1919లో వాల్‌చంద్, నరోత్తం మొరార్జీ తదితరులు గ్వాలియర్ సింధియా మహారాజుకు చెందిన లాయల్టీ అనే ఓడను కొని, సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించారు. ఆ ఓడ 1919 ఏప్రిల్ 5న బొంబాయి నుండి లండనుకు బయలుదేరింది. భారతదేశంలో ఏటా ఏప్రిల్ 5న జాతీయ నౌకాయాన దినోత్సవం జరుపుకోవడానికి ఇదే కారణం.

యుద్ధకాలపు గిరాకీ ఎక్కువ కాలం నిలువలేదు. రవాణా ధరలు పడిపోయాయి. బ్రిటిష్ కంపెనీలు ధరలు తగ్గించి పోటీకి దిగాయి. 1923లో కుదిరిన ఒప్పందం కంపెనీని నిలబెట్టింది గాని, తీరప్రాంత వ్యాపారంలో దాని విస్తరణకు హద్దులు విధించింది. 1929లో నరోత్తం మొరార్జీ మరణించగా వాల్‌చంద్ కంపెనీ అధ్యక్షుడై 1950 వరకు కొనసాగాడు.

నిర్వాహకుల ఎంపిక

ఆ కాలంలో ఓడల అధికారులుగా భారతీయులకు అవకాశం దాదాపు లేదు. 1927లో బొంబాయిలో డఫరిన్ శిక్షణ నౌక ఏర్పడిన తరువాత, అందులో శిక్షణ పొందిన యువకులకు సింధియా ఓడలలో ఉద్యోగాలు లభించాయి. కంపెనీ కార్యాలయాలలో కూడా ఇదే సమస్య ఉండేది. జనరల్ మేనేజరుగా పనిచేసిన ఎం.ఎ.మాస్టర్ నౌకాయాన విధానంపై భారతీయ సంస్థల వాదనను వినిపించినవారిలో ప్రముఖుడు. పత్రికారంగం నుండి వచ్చిన గగన్‌విహారీ మెహతా 1928 నుండి 1947 వరకు కలకత్తా కార్యాలయాన్ని నిర్వహించాడు. తరువాత ప్రణాళికా సంఘ సభ్యుడుగా, 1952 నుండి 1958 వరకు అమెరికాలో భారత రాయబారిగా పనిచేశాడు. నరోత్తం కోడలు సుమతీ మొరార్జీ చిన్న వయసులోనే నిర్వాహక సంస్థలో చేరి 1946 నాటికి కంపెనీ నిర్వహణ బాధ్యతను స్వీకరించింది.

వీరిలో మెహతా కంపెనీ స్థాపకులలో ఒకరైన లల్లూభాయి సామల్‌దాస్ కుమారుడు. సుమతి మరొక స్థాపకుని కోడలు. కనుక ఈ ఎంపికలో బంధుత్వానికి, పరిచయాలకు స్థానం లేదనడానికి వీలులేదు. అయితే వారిని ఆ స్థానాలలో నిలబెట్టింది మాత్రం దీర్ఘకాలం చేసి చూపిన పని. భారతదేశంలో యాజమాన్య విద్య అప్పటికి రూపుదిద్దుకోలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.బి.ఎ. కోర్సు 1957లో, కలకత్తా, అహ్మదాబాదు ఐ.ఐ.ఎం.లు 1961లో, అంటే వాల్‌చంద్ మరణానంతరమే ప్రారంభమయ్యాయి.

విశాఖపట్నం నౌకా నిర్మాణ కేంద్రం

1933 అక్టోబర్ 7న విశాఖపట్నం రేవులో ప్రవేశించిన మొదటి ఓడ సింధియా కంపెనీకి చెందిన జలదుర్గ. నౌకా నిర్మాణ కేంద్రాన్ని మొదట కలకత్తాలో స్థాపించాలని వాల్‌చంద్ ప్రయత్నించాడు. అక్కడ అనువైన స్థలం దొరకకపోవడంతో విశాఖపట్నాన్ని ఎన్నుకున్నాడు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేశాడు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేయడంతో పని ఆగిపోయి, యంత్రసామగ్రిని బొంబాయికి తరలించవలసి వచ్చింది.

పెద్ద ఆధునిక ఓడలను నిర్మించిన అనుభవం దేశంలో ఎవరికీ లేదు. తొలుత విదేశీ నిపుణుల సహాయంతో, పని చేస్తూనే నేర్చుకోవలసి వచ్చింది. ఇక్కడ నిర్మించిన మొదటి ఓడ జలఉషను 1948 మార్చి 14న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించాడు.

నైపుణ్యం సమకూరినా ఖర్చు సమస్య తీరలేదు. ఇక్కడ ఓడ నిర్మాణానికి బ్రిటన్‌లో కంటే ఎక్కువ ఖర్చయ్యేది. ఆర్డర్లు తగ్గి, ప్రభుత్వ సహాయం తప్పనిసరి అయింది. 1952లో ప్రభుత్వం మూడింట రెండు వంతుల వాటా తీసుకోవడంతో ఇది హిందుస్తాన్ షిప్‌యార్డు లిమిటెడ్‌గా మారింది. 1961లో పూర్తిగా ప్రభుత్వపరమైంది.

ఇతర పరిశ్రమలు

1940లో మైసూరు ప్రభుత్వ సహకారంతో బెంగుళూరులో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని స్థాపించాడు. దీనికి అమెరికన్ వ్యాపారి విలియం పాలే తోడ్పడ్డాడు. యుద్ధ అవసరాల దృష్ట్యా 1942లో ప్రభుత్వం దీనిని స్వాధీనం చేసుకుంది. 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థను స్థాపించాడు.

చివరి రోజులు

అనారోగ్యం వల్ల 1950లో బాధ్యతల నుండి తప్పుకున్న వాల్‌చంద్, 1953 ఏప్రిల్ 8న గుజరాత్‌లోని సిద్ధపూర్‌లో మరణించాడు. నౌకా నిర్మాణ కేంద్రం, విమాన కర్మాగారం రెండూ చివరకు ఈయన వ్యాపార సామ్రాజ్యంలో మిగలలేదు. కాని ఆ పరిశ్రమలు ఆగిపోలేదు. యజమాని మారినా పని తెలిసిన మనుషులు మిగలడం అందుకొక కారణం. విశాఖపట్నంలో షిప్‌యార్డు పరిసర ప్రాంతాన్ని నేటికీ సింధియా అనే పిలుస్తారు.